గసగసాల రొట్టె, రివర్స్ గేరు

కెనోరా,
అక్టోబరు

చెల్లి ల్యూబాకి,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటి ఇది అనుకుంటున్నావు కదూ. మనిద్దరం ఫోను పట్టుకుంటే ఏమవుతుందో నీకు తెలీదా? నువ్వు "అక్కా" అంటావు, నేను "ఆఁ" అంటాను, ఇక చెరో పక్క ముక్కులు చీదుకోవడమే. కాగితమైతే నయం. నా ఏడుపు నీకు వినపడదు, నీది నాకు వినపడదు. ఎనిమిదిలో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఇప్పుడు నేను ఒంటరిగా నడుపుతున్నానే! పక్కన కూర్చుని నేర్పించే విల్‌ఫ్రెడ్ గారు మొన్న దిగిపోయారు. ఆయనది ఉత్తరాన ద పా ఊరు, క్రీ అనే ఆదివాసీ తెగ మనిషి, ముప్పై ఏళ్ళుగా లారీ తప్ప వేరే ఇల్లు ఎరగడు. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ముందుకి నడపడంలో మీకు నేను నేర్పేదేం లేదు, నాకే మీరు నేర్పాలి" అన్నాడు. వెనక్కి నడపడం గురించి ఏమీ అనలేదు. మంచి మనిషి.

లారీ ఎంత ఎత్తనుకున్నావు! పైనుంచి చూస్తే కార్లలో వాళ్ళ ఒళ్ళో పెట్టుకున్న బంగాళాదుంప వేపుళ్ళు కూడా కనపడతాయి. నిన్న ఒకాయన ట్రాఫిక్‌లో ముక్కులో వేలు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కసారి హారన్ కొట్టాను. పాపం, వేలు విరిగిందేమో!

యాభై మూడేళ్ళకి ఇదేం పిచ్చి అని ఊళ్ళో అందరూ అన్నారు. నువ్వూ అన్నావు. చెప్పనా ఎందుకో? నా కొడుకు నెస్టర్‌కి ఫిట్స్ కదా, వాడికి లైసెన్సు ఇవ్వరు కదా. పదకొండేళ్ళు వాణ్ణీ వాడి అకార్డియన్‌నీ కారులో వేసుకుని పెళ్ళి పెళ్ళికీ తిప్పింది నేనే. మంచులో, వానలో, దోమల్లో. వాడు లోపల వాయిస్తుంటే నేను వంటగదిలో ఎవరికో ఒకరికి అంట్లు తోమి పెట్టేదాన్ని. వాడు నిద్రలోనే పోయిన ఆ ఏప్రిల్ తర్వాత, ల్యూబా, నేను పొద్దున్నే కారులో కూర్చుని తాళం తిప్పేదాన్ని. ఎక్కడికెళ్ళాలో తెలిసేది కాదు. మళ్ళీ ఆపేసి లోపలికి వచ్చేదాన్ని. ఇప్పుడు పొద్దున్నే ఎవరో ఒకరు ఫలానా చోటికి వెళ్ళమ్మా అని చెప్తారు. అంతే. అదే కావాలి నాకు.

గసగసాల రొట్టె చేస్తే రెండు పంపు. ఇక్కడి తిండి తినలేకపోతున్నాను. విన్నిపెగ్ ఆఫీసు అడ్రసుకి పంపితే కోలీన్ అనే ఆవిడ అందిస్తుంది. మాకు రోజూ దారి చెప్పేది ఆవిడే. నవ్వదు, కానీ మనిషి మంచిదే.

నీ అక్క,
ఒరీసియా


డాఫిన్,
నవంబరు

అక్కకి,

రెండు కాదు, మూడు పంపాను. మూడోది అంచున కొంచెం మాడింది, అది నువ్వు తిను, మంచివి ఎవరికైనా పెట్టు.

నీ ఉత్తరం చదివి మీ మరిది బోహ్దన్ ఏమన్నాడో తెలుసా? "మీ అక్క లారీలో ఉంటే నేను హైవే ఎక్కను, పొలాల మధ్య నుంచే పోతాను" అన్నాడు. ఆ మాటకి పళ్ళెం నిండా ఉల్లిపాయలు పెట్టి తరగమన్నాను. చర్చి వంటగదిలో శుక్రవారం అంతా బంగాళాదుంప ముద్ద కూరి పెరోగీలు ఒత్తాం. నీ కుర్చీలో ఎవరూ కూర్చోరు, నువ్వు ఒత్తినట్టు అంచులు ఎవరికీ రావు. నేను చెప్పానని పొంగిపోకు.

మా అమ్మాయి లెస్యా బాగుంది. ఉద్యోగం, ఇల్లు, అంతే. కొత్త సంగతులేం లేవు.

దుప్పటి సరిపోతోందా? ఆ లారీలో ఎలా పడుకుంటున్నావే తల్లీ, అల్మారాలో గిన్నెలాగా?

నీ చెల్లెలు,
ల్యూబా


రెజైనా,
డిసెంబరు

ల్యూబా,

రొట్టెలు అయిపోయాయి. ఈసారి ఆరు పంపు. ఎనిమిదైనా ఫర్వాలేదు.

చలి ఎంతుందంటే నిన్న తలుపు గడియ పట్టుకుంటే చేతి తొడుగు దానికే అతుక్కుపోయింది. తొడుగు అక్కడే వదిలేసి లోపలికెళ్ళి టీ తాగొచ్చాను. వచ్చేసరికి చెయ్యి ఊపుతున్నట్టు వేలాడుతోంది.

ఒక చిన్న సంగతి. ఒక ఊళ్ళో ఎవరిదో పోస్టు డబ్బా కొంచెం వంగింది. కొంచెమంటే, నేలకి తాకింది. ఆ ఇంటి ముసలాయన బయటికొచ్చి, "పోనీలెండి, బిల్లులే వస్తాయి దాంట్లో" అన్నాడు. కోలీన్ మాత్రం నా పేరు పక్కన ఒకటి అని రాసుకుంది. మొదటి ఏడాది వాళ్ళకి రెండు దాకా క్షమిస్తారట. మూడోది అయితే ఇంటికే.

లారీలు ఆగే చోట నేను ఎప్పుడూ ఆ చివరికి, ఎవరూ లేని వైపు వెళ్ళి ఆపుకుంటాను. చీకటి పడ్డాక తలుపుల దాకా అంత దూరం ఎందుకు నడుస్తారని ఒకాయన అడిగాడు. "నాకు దృశ్యం బాగుండాలి" అన్నాను. అక్కడున్న దృశ్యం చెత్త కుండీ. అదీ బాగానే ఉందిలే.

ఎనిమిదే పంపు.

నీ అక్క


డాఫిన్,
జనవరి

ఒరీసియా అక్కా,

ఎనిమిది పంపాను. క్రిస్మస్‌కి పంపినవి వేరే. మొత్తం ఎన్నయ్యాయో నువ్వే లెక్కేసుకో. ఇన్ని రొట్టెలు నువ్వు తింటే లారీ తలుపులోంచి బయటికి రాలేవు. తెలుసా?

నువ్వు తినడం లేదు.

ఇప్పుడు చెప్తున్నా విను. మన బోహ్దన్ స్నేహితుడు పాల వ్యాను నడిపే మైరోన్ ఉన్నాడు కదా, వాడు పోర్టేజ్ దగ్గర నిన్ను చూశాడట. నువ్వు మంచులో నిలబడి, చేతిలో రొట్టె పళ్ళెం పట్టుకుని, నీ లారీ వైపు చూసి నవ్వుతున్నావట. లారీలో, నీ సీట్లో, గడ్డం పెంచుకున్న ఒక మగాడట! "మీ వదిన చాలా సంతోషంగా ఉందిరా" అన్నాడట వెధవ.

అక్కా, నేను తప్పు పట్టడం లేదు. బావ పోయి పన్నెండేళ్ళయింది. నీకూ ఒక తోడు కావాలి. నాకెందుకు చెప్పలేదన్నదే నా బాధ. మంచివాడేనా? గడ్డం శుభ్రంగా ఉంచుకుంటాడా? ఏ చర్చికి వెళ్తాడు? చర్చికే వెళ్ళడా? వెళ్ళకపోయినా సరే, కనీసం నా రొట్టె మెచ్చుకున్నాడా?

వెంటనే రాయి. మూడు రోజులుగా నిద్ర లేదు. బోహ్దన్‌కి కూడా లేదు, నేను మాట్లాడుతూనే ఉన్నానని.

ల్యూబా


మెడిసిన్ హ్యాట్,
ఫిబ్రవరి

ల్యూబా, ఓసి నా పిచ్చి చెల్లీ,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే, లారీలు ఆగే చోట పక్కాయన వచ్చి అద్దం కొట్టి "బాగున్నారా?" అని అడిగాడు. ఆ గడ్డపాయన పేరు కూడా నాకు తెలీదే! అంతకు ముందు ఒక ఎర్రజుట్టావిడ. అంతకు ముందు ఒక పంజాబీ ఆయన, ఆయన గసగసాలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని నాకు ఎదురు ఊరగాయ ఇచ్చాడు. నాకు వాళ్ళెవరూ ఏమీ కారు. వాళ్ళు నా లారీని వెనక్కి పెట్టి పెడతారు. నేను రొట్టె పెడతాను. అంతే.

చెప్పేశాను. నాకు రివర్స్ రాదు.

ముందుకి ఎంత దూరమైనా నడుపుతాను. కొండల్లో, మంచుగాలిలో, పక్కన దుప్పి పరిగెడుతున్నా నడుపుతాను. కానీ సరుకు దించాలంటే గిడ్డంగి గుమ్మానికి ట్రైలర్ వీపు ఆనించాలి. ట్రైలర్ ఉంది చూశావూ, అది నీ అత్తగారి లాంటిది. కుడికి వెళ్ళాలంటే ఎడమకి తిప్పాలి. నువ్వు తొందరపడితే అది అడ్డంగా తిరిగి నీ మొహం వైపే వస్తుంది. ఒకసారి మొదలెట్టి పావుగంట తిప్పి దిగి చూస్తే, నా గుమ్మం కాదు, పక్క గుమ్మం కాదు, ఎదురు కంపెనీ గోడ ముందు ఉన్నాను. కోపం తట్టుకోలేక టైరుని తన్నాను. బొటనవేలు వంకాయలా వాచింది. అప్పటినుంచీ విల్‌ఫ్రెడ్ గారు లారీలో వదిలేసిన పాత బూట్లే వేసుకుని నడుపుతున్నాను. మరోసారి స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే తల హారన్ మీద పడింది. నేను ఏడుస్తున్నంతసేపూ అది మోగుతూనే ఉంది. గిడ్డంగి వాళ్ళంతా బయటికొచ్చారు.

రెండోది కూడా అయింది. ఒక డోనట్ల కొట్టు ముందు బోర్డు. పెద్ద ప్లాస్టిక్ డోనట్టు ఊడి రోడ్డు మీద దొర్లుకుంటూ పోయింది. ఇద్దరు పోలీసులు దాని వెనకాల పరిగెత్తారు. నవ్వకు. సరే నవ్వు. కానీ ఇంకొక్కటి అయితే నా ఉద్యోగం పోతుంది. అప్పుడు నేను మళ్ళీ ఆ ఇంట్లో, ఆ కారులో, తాళం తిప్పి ఆపేసి.

ఎందుకు రాదో కూడా నీకు చెప్తాను, నీకొక్కదానికే. కారుని ఎక్కడైనా వెనక్కి తియ్యాలంటే నెస్టర్ దిగేవాడు. హాలు వెనక వైపు ఇరుకు కదా ఎప్పుడూ. వాడు వెనక నిలబడి రెండు చేతులూ ఊపుతూ, "రా అమ్మా, రా, రా, ఇంకా రా, ఆపు!" అనేవాడు. పదకొండేళ్ళు. నేను అద్దం చూసేదాన్నే కాదు, వాడి గొంతు వినేదాన్ని. ఇప్పుడు రివర్స్ గేరు వెయ్యగానే చెవులు వాటంతటవే వెనక్కి తిరుగుతాయి. ఎవరూ పిలవరు. నా కాలు బ్రేకు మీంచి లేవదు ల్యూబా.

అందుకే రొట్టెలు. ఈ నెలకి పది పంపు.

అక్క


డాఫిన్,
మార్చి

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, రెండోసారి ఏడ్చాను, మూడోసారి కోపమొచ్చింది.

గసగసాలు నూరి నూరి నా భుజం పట్టేసింది. తోడు దొరికిందనుకుని చలికాలమంతా దేవుడికి దండాలు పెట్టాను. తీరా చూస్తే పశ్చిమ కెనడాలో ఉన్న లారీ డ్రైవర్లందరినీ నేను మేపుతున్నాను!

ఇక రొట్టె లేదు.

ఒక్క ముక్క కూడా పంపను. గసగసాల డబ్బా కూడా ఎత్తుగా పెట్టేశాను. నువ్వు బతిమాలినా పంపను, తిట్టినా పంపను. నీకు మూడోది అయితే అవుతుంది, నువ్వు ఇంటికొస్తే నా ఇంటికి రా, ఆ ఇంటికి కాదు. కానీ లారీని వెనక్కి నువ్వే పెట్టగలవు. నలభై ఏళ్ళుగా నేను చెప్పిన మాట ఒక్కటీ వినని మొండిదానివి, ఒక ట్రైలర్ డబ్బా మాట వింటావా?

బోహ్దన్ చెప్పమన్నాడు. ట్రాక్టరుతో గడ్డి బండి వెనక్కి పెట్టేటప్పుడు స్టీరింగ్‌ని పైన పట్టుకోవద్దట, కింద పట్టుకోవాలట. కింద పట్టుకుంటే చెయ్యి ఎటు జరిపితే బండి వీపు అటే పోతుందట. నాకేం అర్థం కాలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన పనికొచ్చే మాట ఇదొక్కటే అయ్యుంటుంది, తీసుకో.

నెస్టర్ గురించి రాశావు. వాడు నన్ను "పిన్నీ, నీ రొట్టెలో గసగసాలు పళ్ళలో ఇరుక్కుంటాయి, పెళ్ళిలో నవ్వలేకపోతున్నా" అనేవాడు.

ఆగస్టులో నీకు సెలవు దొరుకుతుందా? ఊరికే అడుగుతున్నా. ఏం లేదు.

ల్యూబా


కనోరా,
మే

ల్యూబా! ల్యూబా! ల్యూబా!

కూర్చో. టీ పెట్టుకుని కూర్చో. ఇది పెద్ద ఉత్తరం.

శుక్రవారం పొద్దున విన్నిపెగ్‌లో బయల్దేరాను. సస్కటూన్‌కి కుక్కల మేత తీసుకెళ్ళమంది కోలీన్. వరసగా తెల్ల ట్రైలర్లు నిలబెట్టి ఉంటాయి, అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా. నాది 5318. నేను తగిలించుకున్నది 5381. మళ్ళీ ఒకసారి చూసుకోవాలి కదా, చూసుకోలేదు. పాట పాడుకుంటున్నాను.

సాయంత్రానికి సస్కటూన్ చేరాను. వాళ్ళ ఆవరణ మైదానమంత ఉంది, ఒకాయన ఎదురొచ్చి "ఇక్కడే తెరవండి, చూద్దాం" అన్నాడు. తెరిచాం. లోపల కుర్చీలు. నిలువునా, అడ్డంగా, కొత్త మడత కుర్చీలు, బల్లలు. ఆయన నన్ను చూశాడు, నేను కుర్చీలను చూశాను. "అమ్మా, మా కుక్కలు నేల మీదే కూర్చుంటాయి" అన్నాడు.

కోలీన్‌కి ఫోన్ చేశాను. అటునుంచి కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. తర్వాత, "ఒరీసియా, ఆ కుర్చీలు కనోరాలో ఒక హాలువి. కెనోరా కాదు, కనోరా, సస్కటూన్‌కి తూర్పున. రేపు మధ్యాహ్నం అక్కడ పెళ్ళి" అంది. "పాత కుర్చీలున్నాయి కదా వాళ్ళకి?" అన్నాను. "పోయిన వారం వేలం వేసేశారు" అంది. పెళ్ళికి మూడొందల మంది. కూర్చోవడానికి ఏమీ లేదు. "ఇది మూడోదా?" అని అడిగాను. "ముందు కుర్చీలు చేర్చు, తర్వాత మాట్లాడదాం" అంది.

తెల్లవారి బయల్దేరి కనోరా చేరేసరికి హాలు ముందు ఊరంతా సూట్లు వేసుకుని నిలబడి ఉంది. నన్ను చూసి చప్పట్లు కొట్టారు! మన వాళ్ళే ల్యూబా, మన మాటే, మన ముక్కులే. పెళ్ళికూతురు తెల్ల గౌను కింద పరుగుబూట్లు వేసుకుని, "ఆంటీ, మా మామ్మ ఇప్పటికే బీరు పెట్టె మీద కూర్చుంది, తొందరగా" అంది.

వెనక వైపు సందు. ఒక పక్క హాలు గోడ, ఇంకో పక్క పక్కింటి కంచె. సందు చివర గుమ్మం. నా ట్రైలర్ ఆ సందులోకి వీపు పెట్టి వెళ్ళాలి. చుట్టూ చూశాను. ఒక్క లారీ డ్రైవరు లేడు. నా దగ్గర ఒక్క రొట్టె లేదు. నిన్ను తిట్టుకున్నాను, క్షమించు.

సరే, మొదలెట్టాను. అంతే, పెళ్ళివారి మామయ్యలందరూ, బాబాయిలందరూ లారీ చుట్టూ చేరారు.

"ఎడమకి! ఎడమకి తిప్పమ్మా!"

"ఎవరి ఎడమరా? నీ ఎడమా, ఆవిడ ఎడమా?"

"ట్రైలర్ ఎడమ!"

"ట్రైలర్‌కి ఎడమేమిట్రా తాగుబోతా, అది వెనక్కి చూస్తోంది!"

"నేను సైన్యంలో నడిపాను, నన్ను చెప్పనివ్వండి!"

"నువ్వు సైన్యంలో వంట చేశావు!"

అప్పుడు వెనకనుంచి ఎవరో, మొహం కూడా కనపడలేదు, రెండు చేతులూ ఊపుతూ, "రా అమ్మా, రా, రా, ఇంకా రా" అన్నాడు.

ల్యూబా, నా చేతులు ఆగిపోయాయి. అద్దంలో చేతులే కనపడుతున్నాయి. ఒక్క క్షణం, ఒక్కటే, నేను నమ్మేశాను. చెవులు అటే వెళ్ళిపోయాయి. అతను రమ్మంటున్నాడు, నేను వెళ్తున్నాను, కళ్ళు మూసుకున్నట్టే వెళ్తున్నాను.

బ్రేకు తొక్కాను.

ఇంజను ఆపాను. దిగాను. వెనక్కి నడిచి వెళ్ళి చూస్తే, ఆ రా రా అన్న అతనికి కనపడకుండా మూల చాటున, గోడకి గ్యాసు మీటరు ఉంది. నా ట్రైలర్ మూలకీ దానికీ మధ్య నీ పెరోగీ పట్టేంత ఖాళీ. అన్ని గొంతుల్లో ఒక్కటి కూడా దాని సంగతి చెప్పలేదు. ఇంకొంచెం వచ్చి ఉంటే ఉద్యోగం సంగతి తర్వాత, పెళ్ళివారంతా ఆకాశంలో ఉండేవారు.

నేను నిలబడి, ఎంత గట్టిగానో నాకే తెలీదు, "అయ్యల్లారా, దణ్ణం పెడతాను, అందరూ నోళ్ళు మూసుకోండి! నన్నెవరూ పిలవొద్దు! నేనే చూసుకుని వస్తాను!" అన్నాను.

బీరు పెట్టె మీది మామ్మ లేచి చేతిసంచీతో పక్కవాడి వీపు మీద ఒక్కటేసి, "విన్నారుగా!" అంది.

మళ్ళీ ఎక్కాను. స్టీరింగ్‌ని కింద పట్టుకున్నాను, మా మరిది చెప్పినట్టు. కొంచెం వెళ్ళాను, ఆపాను, దిగాను, చూశాను, ఎక్కాను. మళ్ళీ దిగాను. మళ్ళీ ఎక్కాను. ఎన్నిసార్లో. మామయ్యలంతా చేతులు జేబుల్లో పెట్టుకుని, పెదాలు బిగించుకుని, ఎర్రబడిపోతున్నారు. ఒకాయన మాట్లాడలేక తన టోపీనే కొరుకుతున్నాడు. నాకు కుడి అద్దంలో గోడ కనపడుతోంది, ఎడమ అద్దంలో కంచె కనపడుతోంది. అద్దాలు ఇంత పెద్దవని నేను ఇన్నాళ్ళూ చూడనే లేదు.

ఎవరూ పిలవలేదు ల్యూబా. అయినా బండి వెళ్ళింది.

గుమ్మానికి మెత్తగా తగిలింది. ఊరంతా కేక పెట్టింది. టోపీలు ఎగిరాయి. నేను మహారాణిలా దిగి వెనక్కి వెళ్ళాను.

ట్రైలర్ తలుపులు తెరవలేదు.

ముందే తెరవాలి. గుమ్మానికి ఆనించాక తలుపులు ఎలా తెరుచుకుంటాయి? మొదటి రోజు నేర్పే పాఠం అది. లోపల కుర్చీలు, బయట మూడొందల మంది, మధ్యలో నేను మూసిపెట్టిన తలుపు. పెళ్ళికూతురు నా మొహం చూసింది. నేను ఆ పిల్ల మొహం చూశాను. ముందు ఆ పిల్లకి నవ్వొచ్చింది. తర్వాత నాకు. తర్వాత మామ్మకి. కడుపు పట్టుకుని కంచె మీద వాలిపోయాను. పోయినేడాది ఏప్రిల్ నుంచి అలా నవ్వలేదు నేను, అక్కడ ఆ సందులో, తెలియని మనుషుల మధ్య, కన్నీళ్ళు కారేదాకా.

మళ్ళీ ముందుకి తీశాను, తలుపులు తెరిచి కట్టాను, మళ్ళీ పెట్టాను. రెండోసారి తొందరగా వెళ్ళింది. సూట్లు వేసుకున్నవాళ్ళంతా వరసగా నిలబడి కుర్చీలు అందించుకున్నారు. పెళ్ళికొడుకే తొమ్మిది బల్లలు మోశాడు.

నన్ను వెళ్ళనివ్వలేదు. తిను అన్నారు. తిన్నాను. నేను అలవాటు కొద్దీ వంటగదిలోకి వెళ్ళి అంట్ల దగ్గర నిలబడ్డాను. మామ్మ వచ్చి నా చేతిలో పీచు లాక్కుంది. హాల్లో ఓరెస్ట్ అనే ఒక లావుపాటాయన అకార్డియన్ వాయిస్తున్నాడు. ఏం వాయించుడే అది! ప్రతి పాటా ఇల్లంటుకుంటే పరిగెత్తినట్టు. సగం స్వరాలు తప్పు. నెస్టర్ వింటే చెవులు మూసుకునేవాడు. కొలొమైకా మొదలైంది, అందరూ గుండ్రంగా చేరారు, మధ్యలోకి ఒక్కొక్కరే దూకుతున్నారు. ఎవరో నన్ను నడుం మీద తోశారు. విల్‌ఫ్రెడ్ గారి బూట్లతో, నూనె మరకల ప్యాంటుతో, నేను మధ్యలో ఉన్నాను.

ఆడానే! పదకొండేళ్ళు పెళ్ళిళ్ళ చుట్టూ తిరిగి ఒక్క పెళ్ళిలో ఆడలేదు నేను, వంటగదిలోంచి వినేదాన్ని.

ఈ రోజు ఆదివారం. పొద్దున కోలీన్ ఫోన్ చేసింది. నిన్న సాయంత్రం నుంచి ఆవిడకి పెళ్ళివారి మామయ్యల ఫోన్లట. ప్రతి ఒక్కడూ "ఆ లారీని లోపలికి పెట్టించింది నేనే, ఆవిడని ఏమీ అనకండి" అంటాడట. కోలీన్ మొదటిసారి నవ్వింది. గేటు కిర్రుమన్నట్టుంది. "ట్రైలర్ తప్పు తేవడం సగం లెక్క వేస్తాను. నీకు రెండున్నర" అంది.

రెండున్నర! నాకు ఇంకా సగం మిగిలింది!

నీ అక్క,
ఒరీసియా


డాఫిన్,
జూన్

అక్కా,

నీ ఉత్తరం బోహ్దన్‌కి గట్టిగా చదివి వినిపించాను. కింద పట్టుకున్నాను, మా మరిది చెప్పినట్టు అన్న వాక్యం ఆయన నాలుగుసార్లు చదివించుకున్నాడు. ఇప్పుడు ఊళ్ళో ఎవరు కనపడినా స్టీరింగ్ ఎలా పట్టుకోవాలో చెప్తున్నాడు. నీ వల్ల నా ఇంట్లో మనశ్శాంతి లేదు.

ఇక నేనూ ఒకటి చెప్పాలి. అక్టోబరు నుంచి దాస్తున్నాను.

లెస్యా పెళ్ళి కుదిరింది. ఆగస్టులో, మన హాల్లోనే. అబ్బాయి బడి పంతులు, మంచివాడు, పెరోగీ ఒత్తడం రాదు గానీ నేర్పుతాను. నీకు చెప్పడానికి కలం పట్టుకున్న ప్రతిసారీ రొట్టెల గురించే రాశాను. ఎందుకో నీకు తెలుసు. దాని పెళ్ళికి వాయిస్తానని నెస్టర్ దాని పదేళ్ళప్పుడే మాటిచ్చాడు. ఇప్పుడది అసలు పాటే వద్దంటోంది. "అన్నయ్య లేకుండా ఎవరు వాయించినా నేను బయటికెళ్ళిపోతా" అంటోంది. వేదిక మీద ఖాళీ కుర్చీలో వాడి అకార్డియన్ పెట్టి, పక్కన ఒక కొవ్వొత్తి పెట్టి, నిశ్శబ్దంగా కానిచ్చేద్దామంటోంది. పాట లేని పెళ్ళి, అక్కా. బోహ్దన్ గడ్డివాము వెనక్కి పోయి ఏడ్చి వచ్చాడు.

నువ్వు రానక్కర్లేదు. రాలేవని నాకు తెలుసు. నువ్వు మాత్రం మనసు కష్టపెట్టుకోకు.

నీ ల్యూబా


కెనోరా,
జూన్

ల్యూబా,

నీ ఉత్తరం చదివి బయటికొచ్చి చెరువు పక్కన కాసేపు నడిచాను. కోపమొచ్చింది, పోయింది. ఇప్పుడు విను, పెద్దదాన్ని చెప్తున్నాను.

లెస్యాకి చెప్పు, పెద్దమ్మ ఒప్పుకోవడం లేదని. అకార్డియన్‌ని కుర్చీలో కూర్చోబెట్టడమేమిటే, అదేమన్నా చుట్టమా? కొవ్వొత్తీ వద్దు, ఫొటో వద్దు, ఖాళీ కుర్చీ అసలు వద్దు. కుర్చీలు లేకపోతే ఎంత కష్టమో నేను చూశాను, ఉన్నదాంట్లో ఎవరో ఒకరు కూర్చోవాలి.

కనోరా ఓరెస్ట్‌కి నేనే ఫోన్ చేశాను. ఆగస్టు ఖాళీగానే ఉన్నాడు, ఆ వాయించుడు విన్నవాళ్ళు మళ్ళీ పిలవరు కదా. వాడి అకార్డియన్ తిత్తి చిరిగిపోయిందట. సరే, మా వాడిది ఉంది, అది వాయించు అన్నాను. అది నా పడగ్గది అల్మారాలో, దుప్పట్ల కింద ఉంది, నా ఇంటి తాళం నీ దగ్గరుంది, తీసుకెళ్ళి గాలికి పెట్టు. ఏడాదిగా మూసి ఉంది. మొదట్లో కొంచెం మూలుగుతుంది, కంగారుపడకు.

వాడు వేగంగా వాయిస్తాడు. తప్పు వాయిస్తాడు. లెస్యా బయటికెళ్ళిపోతానంటే వెళ్ళనీ, గుమ్మంలో నేనుంటాను, చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాక్కొస్తాను. అది తప్పు స్వరాలకి తిట్టుకుంటుంది, తిట్టుకుంటూ కాళ్ళు కదుపుతుంది, నాకు తెలుసు, అలానే అయింది నాకు.

ఆగస్టులో నాకు డాఫిన్ వైపు లోడు వెయ్యమని కోలీన్‌ని అడిగాను. "ఎన్ని రోజులు కావాలి?" అంది. "పెళ్ళి ఎన్ని రోజులైతే అన్ని" అన్నాను.

అదే అల్మారాలో ఉన్న నా నీలం గౌను ఇస్త్రీ చేయించి పెట్టు. నడుం దగ్గర వదులు చెయ్యాలి. ఏడుపొస్తే ఏడుస్తాను ల్యూబా, నువ్వూ ఏడువు. కాళ్ళు మాత్రం ఆపకు.

అక్క